పాత స్పోర్ట్స్ కారు వాక్యూమ్ పైపులకు ఏ రబ్బరు వాడాలి?

మూడో తరం మాజ్దా ఆర్‌ఎక్స్-7 గురించి కార్ల పిచ్చి ఉన్నవాళ్లకు పరిచయం అక్కర్లేదు. 1991లో జపాన్‌లో విడుదలై 2002 దాకా తయారైన ఈ కారును అభిమానులు ఎఫ్‌డీ అంటారు. పిస్టన్లు లేని రోటరీ ఇంజిన్, 1308 సీసీ, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి తోసే టర్బోలు రెండు, ఒకదాని తర్వాత ఒకటి పని అందుకునేవి. బోనెట్ ఎత్తి, ఇంజిన్‌కు గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ పై భాగం విప్పితే దాని కింద పెన్సిలు కంటే సన్నని రబ్బరు పైపులు డజన్ల కొద్దీ ఒకదాన్నొకటి పెనవేసుకుని కనిపిస్తాయి. అమెరికాలో ఈ కారు నడిపేవాళ్లు దానికి ‘ఎలుక గూడు’ అని పేరు పెట్టుకున్నారు. ఆ గూట్లో ఏ ఒక్క పైపు చిట్లినా రెండో టర్బో నిద్ర లేవకపోవచ్చు. చిట్లకూడనిది చిట్లితే ఇంజినే పోవచ్చు.

ఇప్పుడు ఈ కార్లన్నీ ముసలివయ్యాయి. పైపులు అంతకన్నా ముందే ముసలివయ్యాయి. కొత్తగా కొన్నవాళ్లు మొదట అడిగేది ఒకటే: పాతవన్నీ పీకేసి ఏ రకం వేయాలి? సిలికానా, వైటానా, కంపెనీ రబ్బరేనా? వచ్చే జవాబు కూడా సాధారణంగా ఒక్క ముక్కే, అదీ ఎక్కువసార్లు సిలికాన్. నా మటుకు ఆ ప్రశ్న అడిగే తీరులోనే తేడా ఉంది. ఇంజిన్ మొత్తానికి ఒక రబ్బరు అనేది ఉండదు. పైపు పైపుకూ అడగాలి: దీని లోపల ఏం తిరుగుతుంది, బయట ఎంత వేడి తగులుతుంది, దీన్ని పీలుస్తున్నారా ఊదుతున్నారా, ఇది తెగితే ఏమవుతుంది? ఈ నాలుగూ తెలిస్తే రబ్బరు పేరు దానంతటదే తేలుతుంది.

ఆ పైపుల్లో జరిగేదేమిటి

యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసినప్పుడు గాలి వచ్చే దారి దాదాపు మూసుకుపోతుంది. ఇంజిన్ మాత్రం పీలుస్తూనే ఉంటుంది. దాంతో మానిఫోల్డ్‌లో పీడనం బయటి గాలి కంటే బాగా తగ్గిపోతుంది. దీన్నే వాక్యూమ్ అంటున్నాం. సముద్ర మట్టం దగ్గర వాతావరణ పీడనం పాదరస కొలతలో సుమారు 29.9 అంగుళాలు. ఆరోగ్యంగా ఉన్న మామూలు పిస్టన్ ఇంజిన్ ఐడ్లింగ్‌లో 17 నుంచి 21 అంగుళాల దాకా వాక్యూమ్ చూపిస్తుంది. ఎత్తు పెరిగేకొద్దీ, ప్రతి వెయ్యి అడుగులకూ దాదాపు ఒక అంగుళం తగ్గుతుంది. కాబట్టి విశాఖలో 19 చూపించిన మీటరు హైదరాబాద్‌లో 17 చూపిస్తే పైపు చిల్లు పడిందని కంగారు పడక్కర్లేదు, నగరం ఎత్తే అంత.

ఈ పీల్పును ఉచితంగా దొరికే శక్తిగా వాడుకోవడం కార్ల తయారీదారులకు పాత అలవాటు. బ్రేకు పెడల్ తేలిగ్గా దిగేది దీనివల్లే. 1960ల నాటి ఎంజీబీ లాంటి కారులో ఈ పని చేసే పైపులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. స్పార్కు ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌కు ఒకటి, బ్రేకు తొక్కే బలాన్ని పెంచే సర్వో ఉంటే దానికొకటి. అక్కడ ఏ రబ్బరు వేశారనేది పెద్ద చర్చ కాదు. చిట్లిందా, కొత్తది వేస్తే సరి.

ఎఫ్‌డీ కథ వేరు. దాదాపు 4500 ఆర్‌పీఎం వరకు మొదటి టర్బో ఒక్కటే బూస్టు, అంటే అదనపు గాలి ఒత్తిడి, ఇస్తుంది. ఆ తర్వాత రెండోది కలవాలి. కలిసే ముందే దాన్ని కొంత తిప్పి సిద్ధంగా ఉంచాలి. కలిసే క్షణంలో ఒక తలుపు తెరుచుకోవాలి, ఇంకొకటి మూసుకోవాలి. ఈ తలుపులను కదిపేవి మోటార్లు కావు, పలచని పొరలున్న డబ్బాలు. వాటికి ఒకవైపు పీల్పు, ఇంకోవైపు ఒత్తిడి అందించేవి ఈ సన్నని పైపులే. కంప్యూటర్ సోలనాయిడ్లనే చిన్న కరెంటు వాల్వులను నొక్కుతుంది, సోలనాయిడ్లు పైపుల్లో గాలిని మళ్లిస్తాయి. పీల్పును దాచిపెట్టుకోవడానికి ఒక ట్యాంకు, బూస్టును దాచిపెట్టుకోవడానికి మరో ట్యాంకు, అవి వెనక్కి కారిపోకుండా ఒకవైపు మాత్రమే గాలిని వదిలే ప్లాస్టిక్ వాల్వులు. అంతా సక్రమంగా ఉంటే బూస్టు మీటరులో 10 పీఎస్‌ఐ, మార్పిడి దగ్గర క్షణం పాటు 8, మళ్లీ 10 కనిపిస్తుంది. ఈ 10-8-10 వరుసే ఎఫ్‌డీ యజమానికి నాడి పరీక్ష. 4500 దాటాక బూస్టు పడిపోయి లేవకపోతే అనుమానం ముందు పైపుల మీదకే వెళ్తుంది.

అన్ని పైపులూ ఒకే స్థాయి ప్రమాదకరం కావని ఇక్కడే గుర్తించాలి. ట్యాంకు నుంచి ఒక డబ్బాకు వెళ్లే పైపు చిట్లితే కారు మందగిస్తుంది, అంతకు మించి నష్టం లేదు. టర్బో ఒత్తిడి హద్దు దాటకుండా చూసే వేస్ట్‌గేట్‌కు వెళ్లే పైపు ఊడితే కథ మారుతుంది. ఒత్తిడి పెరిగిందన్న సంగతి వేస్ట్‌గేట్‌కు తెలియదు, బూస్టు అదుపు తప్పుతుంది. ఇక మానిఫోల్డ్ పీడనాన్ని కొలిచే సెన్సరు పైపు. ఈ ఇంజిన్‌లో లోపలికి వచ్చే గాలిని నేరుగా కొలిచే మీటరు లేదు. కంప్యూటర్ ఆ సెన్సరు చెప్పినదాన్ని నమ్మి పెట్రోలు పోస్తుంది. బూస్టులో ఉన్నప్పుడు ఆ పైపు కారితే సెన్సరుకు ఉన్నదానికంటే తక్కువ ఒత్తిడి కనిపిస్తుంది, కంప్యూటర్ పెట్రోలు తగ్గిస్తుంది. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ, ఒత్తిడి నిండుగా. లోపల మిశ్రమం అకాలంగా పేలుతుంది, రోటర్ కొనల్లో ఉండే ఏపెక్స్ సీళ్లు విరుగుతాయి. ఆ తర్వాత చేయాల్సింది ఇంజిన్ దింపడమే. మూర కూడా లేని రబ్బరు ముక్క ఖరీదు అక్కడ తెలుస్తుంది.

రబ్బరు ఎలా ముసలిదవుతుంది

పాత పైపును పారేసే ముందు చేతిలోకి తీసుకుని పగుళ్లు చూడండి. నిపుల్‌కు, అంటే పైపు ఎక్కించే చిన్న ముక్కుకు, తొడిగిన కొసలో పగుళ్లు పైపు పొడవునా నిలువుగా ఉంటాయి. వంపు తిరిగిన చోట, వంపు బయటి వైపు, అవే పగుళ్లు అడ్డంగా, పైపును చుట్టినట్లు ఉంటాయి. రెండూ ఓజోన్ చేసిన పనే. గాలిలో ఓజోన్ అతి స్వల్పంగానే ఉంటుంది. కానీ నైట్రైల్, సహజ రబ్బరు లాంటివాటి అణు గొలుసుల్లో ఉండే జంట బంధాలను అది కోసేస్తుంది. అదీ రబ్బరు సాగి ఉన్న చోటే, సాగిన దిశకు అడ్డంగా. కొసలో పైపు చుట్టుకొలత సాగుతుంది కనుక పగులు నిలువుగా వస్తుంది. వంపు దగ్గర పొడవు సాగుతుంది కనుక పగులు అడ్డంగా వస్తుంది. సాగని మధ్య భాగం మాత్రం నున్నగా, కొత్తదానిలా ఉంటుంది. పైపు మధ్యలో చూసి ‘బాగానే ఉంది’ అని తేల్చే మెకానిక్ మోసపోయేది అందుకే. చూడాల్సింది కొసలు.

ఈ ఒక్క పరిశీలన నుంచి ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. నిపుల్ కంటే మరీ సన్నని పైపును బలవంతంగా ఎక్కిస్తే పట్టు గట్టిగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. నైట్రైల్ లాంటి రబ్బరులో అలా చేయడమంటే ఓజోన్‌కు దారి చూపించడమే.

రెండో శత్రువు వేడి. రబ్బరును మెత్తగా ఉంచడానికి కలిపిన నూనెలు వేడికి మెల్లగా ఆవిరైపోతాయి, గొలుసుల మధ్య కొత్త ముడులు పడతాయి, పైపు గట్టిపడి ప్లాస్టిక్‌లా మారుతుంది. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆయుష్షు సగమవుతుందన్నది ఈ రంగంలో వాడే బండ లెక్క. రోటరీ ఇంజిన్ పొగ మామూలు ఇంజిన్ పొగ కంటే వేడిగా ఉంటుంది. దానికి పక్కనే రెండు టర్బోలు తోడయ్యాయి. ఎఫ్‌డీ బోనెట్ కింద కొన్ని మూలల్లో వంద డిగ్రీలు దాటడం మామూలే. అలా గట్టిపడిన పైపును పట్టుకుని లాగితే పైపు రాదు, సోలనాయిడ్ ప్లాస్టిక్ ముక్కు విరిగి చేతికొస్తుంది. బ్లేడుతో పైపును నిలువుగా చీల్చి ఒలిచెయ్యాలి.

మూడోది లోపలి నుంచి వచ్చేది: నూనె ఆవిరి, పెట్రోలు ఆవిరి. వీటి దెబ్బ వేరుగా ఉంటుంది. పైపు ఎండిపోదు, ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, నిపుల్ మీద పట్టు వదిలి జారిపోతుంది. ఓజోన్‌ను తట్టుకునే రబ్బరు నూనెకు లొంగుతుంది, నూనెను తట్టుకునేది ఓజోన్‌కు లొంగుతుంది. రెంటినీ తట్టుకునేది ఖరీదు. చిక్కు ముడి ఇక్కడుంది.

ఏ రబ్బరు ఏమిటి

నైట్రైల్ దుకాణాల్లో మామూలుగా దొరికే పెట్రోలు పైపు రబ్బరు. నూనెకూ పెట్రోలుకూ బాగా నిలబడుతుంది, సుమారు వంద డిగ్రీల దాకా పనిచేస్తుంది, ఓజోన్‌కు మాత్రం తలవంచుతుంది. అందుకే మంచి నైట్రైల్ పైపుకు పైన వేరే రబ్బరు తొడుగు ఉంటుంది. తొడుగు లేని చవక రకాన్ని టర్బో పక్కన వేస్తే త్వరలోనే మళ్లీ అదే పని చేయాలి. నియోప్రీన్ అన్నింట్లోనూ మధ్యస్థం.

ఈపీడీఎం అనే రబ్బరు నైట్రైల్‌కు పూర్తిగా తలకిందులు. రేడియేటర్ పైపులు, తలుపుల బీడింగులు ఎక్కువగా దీంతోనే చేస్తారు. ఓజోన్ దీన్నేమీ చేయలేదు. మంచి రకమైతే 125 నుంచి 150 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. నీళ్లు, కూలెంట్, బ్రేకు ఆయిల్ దీనికి లెక్క కాదు. పెట్రోలు, ఇంజిన్ ఆయిల్ తగిలితే మాత్రం ఉబ్బిపోతుంది. పొడిగాలి మాత్రమే వెళ్లే పైపుకు ఈపీడీఎం చక్కటి, చవకైన ఎంపిక. దీని పేరు ఎవరూ ఎత్తకపోవడానికి అది నల్లగా, సాదాగా ఉండటం తప్ప నాకు వేరే కారణం కనిపించదు.

సిలికాన్ అందరి నోటా వినిపించే పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. మైనస్ 60 నుంచి 200 డిగ్రీల పైదాకా దాదాపు ఒకే మెత్తదనంతో ఉంటుంది. దాని అణు గొలుసు వెన్నెముకలో కార్బన్ జంట బంధాలు లేవు, సిలికాన్, ఆక్సిజన్ వరుసగా ఉంటాయి. అందుకే ఓజోన్ కోయడానికి అక్కడ ఏమీ దొరకదు. ఏళ్ల తర్వాత కూడా నిపుల్ మీద నుంచి సులువుగా వస్తుంది. ఎరుపు, నీలం, నలుపు రంగుల్లో దొరుకుతుంది. రంగుకు నాణ్యతతో సంబంధం లేదు. పైగా ఒక్కో పనికి ఒక్కో రంగు వేసుకుంటే ఎలుక గూట్లో దారి తప్పకుండా ఉండవచ్చు, అంతే.

దాని బలహీనతలు మూడు. ఒకటి, చిరుగుతుంది. నిపుల్ మీద గరుకు అంచు గీరినా, స్క్రూ క్లిప్పు పళ్లు నాటినా ఆ గాటు నుంచి చీలిక పరుగెడుతుంది. రెండు, పెట్రోలు తగిలితే బాగా ఉబ్బుతుంది, వేడి నూనెలో మెత్తబడుతుంది. మూడోది జనంలో ఎక్కువగా వినిపించేది: సిలికాన్ గోడ గుండా గాలి దూరిపోతుందని. ఇది నిజమే. మామూలు రబ్బర్లలో వాయువులను అన్నింటికంటే ఎక్కువగా వదిలేది సిలికానే. ఆక్సిజన్ విషయంలో సహజ రబ్బరు కంటే ఇరవై రెట్లకు పైగా. కానీ ఆ భయాన్ని లెక్కలో పెట్టి చూద్దాం. 4 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, 2 మిల్లీమీటర్ల గోడ ఉన్న మీటరు పొడవు పైపు, లోపల పూర్తి శూన్యం ఉందనుకుందాం. గోడ గుండా చొరబడే గాలి నిమిషానికి ఒక మిల్లీలీటరులో చిన్న భాగం. ఐడ్లింగ్‌లో ఈ ఇంజిన్ పీల్చే గాలి నిమిషానికి వందల లీటర్లు. కాబట్టి ఆ భయం పక్కన పెట్టవచ్చు. పెట్రోలు ఆవిరి సంగతి వేరు. అది సిలికాన్ గుండా బయటికి వచ్చేస్తుంది, బోనెట్ కింద వాసన రూపంలో తెలుస్తుంది.

వైటాన్ అనేది ఎఫ్‌కేఎం అనే ఫ్లోరిన్ రబ్బరుకు డ్యూపాంట్ కంపెనీ పెట్టిన వ్యాపార నామం. 1957లో మార్కెట్లోకి వచ్చింది. పెట్రోలు, నూనె, ఓజోన్, 200 డిగ్రీల వేడి, నాలుగూ దీని ముందు నిలవలేవు. ఇథనాల్ కలిపిన పెట్రోలును కూడా బాగా తట్టుకుంటుంది. భారత్‌లో ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది కనుక ఇక్కడ పాత కార్లు నడిపేవాళ్లకు కూడా ఇది పనికొచ్చే సంగతి. మరి అన్నిటికీ ఇదే ఎందుకు వేయకూడదు? మొదటి అడ్డంకి ధర. రెండోది చలి. మామూలు రకం ఎఫ్‌కేఎం మైనస్ 15, 20 డిగ్రీల దగ్గరే బిగుసుకుపోతుంది. మిన్నెసోటాలోనో కెనడాలోనో ఉండి జనవరిలోనూ కారు తీసే మనవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. మూడోది, సిలికాన్ అంత సులువుగా వంగదు. మరీ బిగువు మలుపుల్లో నలిగి మడతపడుతుంది.

ఇంకొక రబ్బరు పేరు చెప్పాలి, దాన్ని ఎవరూ అడగరు గనుక: ఎపిక్లోరోహైడ్రిన్. కార్ల కంపెనీలు వాక్యూమ్ పైపులకూ పెట్రోలు ఆవిరి పైపులకూ ఏళ్ల తరబడి వాడుతున్న రబ్బరు ఇది. నూనె, పెట్రోలు, ఓజోన్ మూడింటికీ బాగానే నిలుస్తుంది, 125 డిగ్రీల చుట్టూ పనిచేస్తుంది, ఆవిరిని పెద్దగా వదలదు. ఎఫ్‌కేఎం ధర లేదు. నూనె ఆవిరి తగిలే పైపుకు ఇది దొరికితే నేను సిలికాన్ వైపు చూడను.

మందం మరచిపోకండి

బూస్టు పైపు లోపలి నుంచి పగలబోతుంది, వాక్యూమ్ పైపు బయటి నుంచి నలిగిపోతుంది. చిక్కటి మిల్క్‌షేక్ తాగేటప్పుడు స్ట్రా నొక్కుకుపోయినట్లే. పేరున్న సిలికాన్ కొని కూడా చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మంచి రబ్బరే, గోడ మాత్రం పలచన.

ఉజ్జాయింపుగా లెక్క వేస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. లోపల 4 మి.మీ. వ్యాసం, గోడ 1 మి.మీ. ఉన్న మామూలు గట్టిదనం గల సిలికాన్ పైపు దాదాపు 0.6 బార్ పీల్పుకే నలగడం మొదలెడుతుంది. 18 అంగుళాల వాక్యూమ్ అంటే సరిగ్గా అంతే. గేరులో ఉండగా యాక్సిలరేటర్ వదిలినప్పుడు వచ్చే పీల్పు అంతకంటే ఎక్కువ. అంటే ఐడ్లింగ్‌లో బాగానే ఉండి, వాలులో దిగేటప్పుడు మూసుకుపోయే పైపు ఇది. ఇలాంటి లోపాన్ని గ్యారేజీలో నిలబెట్టిన కారులో పట్టుకోవడం దేవుడి వల్ల కూడా కాదు. అదే పైపుకు గోడ 2 మి.మీ. అయితే నలగడానికి దాదాపు 3 బార్ కావాలి. ఇంజిన్ ఎంత గట్టిగా పీల్చినా వాతావరణ పీడనమైన ఒక బార్‌ను దాటలేదు కాబట్టి నిశ్చింతగా ఉండవచ్చు. ఇక 12 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న లావు పైపుకు అదే 2 మి.మీ. గోడ పెడితే పావు బార్‌కే లొంగిపోతుంది. అందుకే సన్నని పైపుకు మందం చాలు, లావు పైపుకు లోపల నూలు అల్లికో తీగ చుట్టో ఉండి తీరాలి.

నేనైతే ఏది ఎక్కడ వేస్తాను

సోలనాయిడ్ల నుంచి డబ్బాలకు, ట్యాంకులకు వెళ్లే పైపులే ఎలుక గూట్లో ఎక్కువ. వాటిలో తిరిగేది దాదాపు శుభ్రమైన గాలి, బయట మాత్రం మంట. ఇక్కడ మందమైన గోడ ఉన్న సిలికాన్‌ను మించింది లేదు. లోపలి వ్యాసం మూడున్నర, నాలుగు మి.మీ. దగ్గర ఉంటుంది, నిపుల్ కొలిచి కొనాలి. పీడన సెన్సరుకూ వేస్ట్‌గేట్‌కూ వెళ్లేవాటికి కూడా సిలికానే, కానీ కొసలకు తప్పనిసరిగా బిగింపు, మధ్యలో ఎక్కడా లోహపు అంచు గీరకుండా తొడుగు. ఎలుక గూట్లో అన్నింటికంటే ముందు మార్చాల్సినవి కూడా ఇవే.

పెట్రోలు ఒత్తిడిని అదుపు చేసే ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్‌కు వెళ్లే పైపులో మామూలుగా గాలే ఉంటుంది. రెగ్యులేటర్ లోపలి పొర చిరిగిన రోజున మాత్రం అందులోకి పెట్రోలు వస్తుంది. ఆ రోజు అక్కడ సిలికాన్ ఉంటే ఉబ్బి ఊడుతుంది, కిందే వేడి టర్బోలు. ఆ ఒక్క పైపుకు నేను ధర చూడను, ఎఫ్‌కేఎం వేస్తాను. పెట్రోలు ఆవిరిని, దాన్ని పట్టి ఉంచే బొగ్గు డబ్బా (చార్‌కోల్ క్యానిస్టర్) నుంచి ఇంజిన్‌కు తెచ్చే పైపులు కూడా ఎఫ్‌కేఎం గానీ ఎపిక్లోరోహైడ్రిన్ గానీ కావాలి.

ఇంజిన్ లోపలి ఆవిరిని బయటికి తెచ్చే పైపుల్లో నూనె చెమ్మ తప్పదు. రోటరీలో ఇంకోటి ఉంది: లోపలి సీళ్లు అరగకుండా కొద్దికొద్దిగా నూనె పోసే నాజిళ్లు, వాటికి గాలి అందించే సన్నని పైపులు. నాజిల్ లోపలి వాల్వు అరిగితే నూనె ఈ పైపుల్లోకి ఎక్కుతుంది. ఈ రెండు చోట్లా సిలికాన్ కొన్నాళ్లు బాగానే కనిపించి తర్వాత జిగటగా, మెత్తగా తయారవుతుంది, అందుకే ఇక్కడ ఎపిక్లోరోహైడ్రిన్ వెతుకుతాను.

బ్రేకు సర్వో పైపు మీద ప్రయోగాలు వద్దు. దానికి ఎస్‌ఏఈ జే1403 అని ప్రత్యేక ప్రమాణం ఉంది, ఆ అచ్చు ఉన్న పైపే వేయాలి. అందంగా ఉందని మెత్తని రంగు సిలికాన్ తొడిగి, బ్రేకు కావాల్సిన క్షణంలో అది నలిగితే అడిగే దిక్కుండదు.

జర్మన్ కార్ల వాళ్లకు ఒక మాట. పాత ఫోక్స్‌వ్యాగన్, పోర్షెల్లో కనిపించే గుడ్డ అల్లిక తొడిగిన సన్నని పైపులను అలాగే ఉంచాలనుకునేవాళ్లు ఉంటారు. చూడటానికి అసలుదిలా ఉండాలంటే మంచిదే. కానీ ఆ గుడ్డ కింద రబ్బరు పగిలినా బయటికి కనిపించదు. నూలు పోగు లేవకుండానే పైపు చచ్చిపోయి ఉండవచ్చు. పైగా కె-జెట్రానిక్ అనే పెట్రోలు ఇంజెక్షన్ పద్ధతి ఉన్న పాత పోర్షె 911 లాంటి కారు లోపలికి వచ్చే గాలిని నేరుగా కొలుస్తుంది. కొలత దాటాక చొరబడిన ప్రతి గాలి బుడగా మిశ్రమాన్ని పలచన చేస్తుంది. ఎఫ్‌డీలో ఐడ్లింగ్ పెరిగి ఊరుకునే లీకు అక్కడ ఇంజిన్‌ను కుదిపేస్తుంది.

అసలుదో కాదో తేల్చుకోవడం

ఎఫ్‌కేఎం పేరుతో నల్లటిదేదైనా అమ్మవచ్చు, చూపుకు తేడా తెలియదు. బరువుకు తెలుస్తుంది. ఎఫ్‌కేఎం సాంద్రత నీటికి దాదాపు 1.8 రెట్లు, సిలికాన్, ఈపీడీఎం, నైట్రైల్ పైపులు సుమారు 1.1, 1.2 చుట్టూ ఉంటాయి. ఒక ముక్కను చిన్న త్రాసులో తూచి, కొలత గీతలున్న నీళ్ల గొట్టంలో ముంచి ఎంత నీరు పెరిగిందో చూస్తే చాలు. కాల్చి చూడటం సిలికాన్‌కు సరే, తెల్లటి బూడిద మిగులుతుంది. ఎఫ్‌కేఎంను మాత్రం ఎప్పుడూ కాల్చవద్దు, దాని పొగలో ప్రాణాంతకమైన హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది.

రెండో పరీక్ష నాకింకా ఇష్టం. రెండు సెంటీమీటర్ల ముక్క కోసి పొడవు కొలిచి, మూతున్న గాజు సీసాలో పెట్రోలు పోసి అందులో ఒకటి రెండు రోజులు ఉంచండి, ఇంటికి దూరంగా, నిప్పు చేరని చోట. తీసి మళ్లీ కొలవండి. ఎఫ్‌కేఎం దాదాపు మారదు. ఈపీడీఎం, సిలికాన్ కళ్లకు కనిపించేంత ఉబ్బుతాయి, పొడవు, లావు రెండూ పెరుగుతాయి. ఎఫ్‌కేఎం అని కొన్నది అలా ఉబ్బితే అమ్మినవాడితో మాట్లాడాల్సిందే.

కంపెనీ ప్యాకెట్‌లో ఇప్పటికీ తెరవని 1990ల నాటి అసలు పైపు దొరికిందని మురిసిపోకండి. రబ్బరు నిల్వకు ఐఎస్‌ఓ 2230 అనే ప్రమాణం ఉంది. చీకటిలో, చల్లగా దాచినా సహజ రబ్బరుకు 5 ఏళ్లు, నైట్రైల్, నియోప్రీన్‌లకు 7, సిలికాన్, ఎఫ్‌కేఎం, ఈపీడీఎంలకు 10 ఏళ్లు అని అందులో తొలి గడువు ఉంది. ఆ తర్వాత పరీక్షించి పొడిగించుకోవచ్చు గానీ ముప్పై ఏళ్ల సరుకును అసలు ధరకు రెట్టింపు పెట్టి కొనడం సేకరణ కోసం సరే, ఇంజిన్ కోసం కాదు.

తొడిగేటప్పుడు

కొసలను కత్తెరతో కోయవద్దు. కొత్త బ్లేడుతో ఒక్క దెబ్బలో నిటారుగా కోయాలి. సిలికాన్ పైపును నిపుల్ మీదకు ఎక్కించడానికి సిలికాన్ గ్రీజు రాసేవాళ్లు ఉన్నారు. అదే దాన్ని ఉబ్బిస్తుంది. కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రాస్తే జారి ఎక్కుతుంది, నిమిషాల్లో ఆరిపోతుంది. సన్నని పైపులకు స్ప్రింగు క్లిప్పో నైలాన్ టై పట్టీయో చాలు, స్క్రూ క్లిప్పు పళ్లు వద్దు. ఒక్కసారి ఒక్క పైపు మాత్రమే తీసి, కొత్తది వేశాకే రెండోదాని మీద చెయ్యి వేయాలి. అన్నీ తీసేసి కాగితం మీద గీసిన బొమ్మను నమ్ముకున్నవాళ్లకు ఎలుక గూడు రాత్రంతా నిద్ర పట్టనివ్వదు.

అన్నీ కొత్తవి వేశాక కూడా 10-8-10 రాలేదంటే పైపులను తిట్టవద్దు. ఒకవైపు వాల్వులను ఒక్కొక్కటి విడదీసి నోటితో ఊది చూడాలి, గాలి ఒక దిక్కున పోవాలి, రెండో దిక్కున పోకూడదు. ప్లాస్టిక్‌వి కాబట్టి అవీ వేడికి చస్తాయి, కొన్నిసార్లు తిరగేసి బిగించి ఉంటారు. చేత్తో నొక్కే వాక్యూమ్ పంపును డబ్బాకు తగిలించి పీల్చి ఆపితే ముల్లు నిలవాలి. జారిపోతుంటే లోపలి పొర చిరిగినట్లే.

ఇంకొకటి, ఇది చాలా మందికి ఆలస్యంగా తెలుస్తుంది. వేస్ట్‌గేట్‌కూ, రెండో టర్బోను ముందుగా తిప్పే నియంత్రణకూ వెళ్లే పైపుల లోపల గాలిని తగ్గించి వదిలే బుల్లి లోహపు ముక్కలు దూర్చి ఉంటాయి. బయటికి కనిపించవు, ఊగిస్తే శబ్దం రాదు. పాత పైపుతో పాటు అవి చెత్తలోకి వెళ్లిపోతే ఎంత గొప్ప రబ్బరు వేసినా బూస్టు అదుపులో ఉండదు. కాబట్టి పాత పైపు ప్రతిదాన్నీ పారేసే ముందు ఈ చివర నుంచి ఆ చివరకు వేళ్లతో నొక్కుతూ వెళ్లండి. గట్టిగా తగిలిన చోట కోసి, ఆ ముక్కను బయటికి తీసి, కొత్త పైపులో అదే చోట దూర్చండి.